‘పార్టీ వస్తోంది’ అనగానే తలుపు తీయక్కర్లేదు

“మేడమ్, దగ్గర్లోనే ఉన్నాం. పార్టీ నాతోనే ఉంది. పది నిమిషాల్లో వచ్చేస్తాం, అలా చూసి వెళ్లిపోతారు.”

ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లకు ఏజెంటు నుంచి వచ్చే ఈ ఫోన్ కొత్తది కాదు. పార్టీ అంటే ఇల్లు కొనడానికి చూడవచ్చేవాళ్లు. నేను ఏడు వారాల పాటు ఎత్తాను. మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా తిరగని రోజులవి. ఫోన్ రాగానే ఆమెను మంచం మీంచి లేపి, వాకర్ పట్టించి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆరేసిన బట్టలు తీసి వాషింగ్ మెషీన్లో కుక్కాలి. సింకులో గిన్నెలు కనబడకుండా చేయాలి. ఒకరోజు వచ్చినావిడ ఆ మెషీన్ మూత కూడా తీసి చూసింది. ఇంకోరోజు ఒక పెద్దాయన అత్తయ్యగారి మంచం పక్కకు జరపమన్నాడు, కింద టైల్స్ పగిలాయేమో చూడాలట. ఆ సమయంలో మా ఏజెంటు బాల్కనీలో నిలబడి ఇంకెవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

అతను చెడ్డవాడేం కాదు. మర్యాదస్తుడు, పిలిస్తే పలికేవాడు. అయినా మా ఇంట్లో ఎవరు ఎప్పుడు అడుగుపెట్టాలో ఏడు వారాల పాటు అతనే నిర్ణయించాడు. అలా జరగకూడదు. ఇల్లు చూపించే రోజులు, వేళలు, పద్ధతి ఇంట్లో ఉండేవాళ్లే నిర్ణయించాలి, అదీ మొదటిరోజే, రాతలో. అలా చేస్తే బేరం చెడిపోతుందన్నది ఏజెంట్లు మనలో నాటిన భయం. నిజానికి మంచి ధర రావాలన్నా ఈ కట్టుబాటే కావాలి.

ఏజెంటు లెక్క ఒకసారి వేసి చూడండి. ధర మరో లక్ష పెరిగితే అమ్మేవాళ్లకు దాదాపు ఆ లక్షంతా దక్కుతుంది. నూటికి రెండు కమీషన్ తీసుకునే ఏజెంటుకు దక్కేది రెండు వేలు. ఆ రెండు వేల కోసం ఇంకో నెల ఎందుకు తిరుగుతాడు? ఈ బేరం త్వరగా తెగితే ఇంకో ఇంటి మీదికి వెళ్లవచ్చు. అందుకే అతనికి కావాల్సింది ఏదో ఒక ధరకు, తొందరగా. మనకు కావాల్సింది సరైన ధర.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో పరిసరాల్లోని సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు, క్లయింట్ల కోసం అమ్మిన అలాంటి ఇళ్లతో పోలిస్తే సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారు. తన ఇల్లైతే ఓపిక పడతాడు, మన ఇల్లైతే తొందరపెడతాడు. అధ్యయనంలోని అన్ని సంఖ్యల్లోకీ నన్ను కుదిపింది ఆ తొమ్మిదిన్నర రోజులే. ఓపికకు విలువ ఉందని అతనికి తెలుసు. ఆ ఓపికను మన ఇంటి విషయంలో వాడడు, అంతే.

ఈ తొందర పని చేసేది విజిట్ల రూపంలోనే. వేళాపాళా లేకుండా పార్టీలను తీసుకొస్తుంటే రెండు జరుగుతాయి. ఒకటి, అతను కష్టపడుతున్నట్టు మనకు కనబడుతుంది. “ఈ వారం ఎనిమిది మందిని తెచ్చాను మేడమ్” అంటాడు. ఆ ఎనిమిది మందిలో ఎంతమందికి మన ధర తెలుసు, ఎంతమంది లోన్ సంగతి తేల్చుకుని వచ్చారు, ఎంతమందికి మూడో అంతస్తు కావాలి అని మనం అడగం. కొందరిని మన ఇల్లు కొనడానికి తీసుకురానే రారు. వేరేచోట అమ్మాలనుకున్న ఇల్లు బాగా కనబడాలంటే ముందు ఇంకో ఇల్లు చూపించాలి కదా, దానికి మన ఇల్లు పనికొస్తుంది.

రెండోది ఇంకా ప్రమాదం. వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒక వంక పెట్టి వెళతారు. వెలుతురు తక్కువ, వంటగది చిన్నది, లిఫ్ట్ పాతది. వారం వారం ఇవే వింటుంటే మన ఇంటి మీద మనకే నమ్మకం సడలుతుంది. నిద్ర చెడుతుంది, సెలవురోజు ఉండదు. ఆరో వారానికి “పోనీలెండి, ఎంతో కొంత తగ్గిద్దాం, ఈ గోల వదులుతుంది” అనే మాట మన నోటి నుంచే వస్తుంది. మా ఇంట్లో ఏడో వారంలో వచ్చింది. ధర తగ్గించమని ఏజెంటు మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి రాలేదు, అలసటే ఆ పని చేసింది.

ఏజెంట్ల వైపు నుంచీ ఒక మాట ఉంది, అది అబద్ధమూ కాదు. కొనేవాడి ఉత్సాహం ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. వేరే ఊరి నుంచి ఒక్కరోజు కోసం వచ్చినవాడిని వచ్చే శనివారం రమ్మంటే రాడు. ప్రకటన ఇచ్చిన మొదటి రెండు వారాల్లో వచ్చే పార్టీలే గట్టి పార్టీలని కూడా వాళ్లంటారు. సరే, ఆ రెండు వారాలు వేళలు కాస్త ఎక్కువ ఇవ్వండి. ఊరి నుంచి వచ్చినవాడి కోసం ఒక మినహాయింపు పెట్టుకోండి. కానీ జీవితంలో అతిపెద్ద కొనుగోలు చేయబోతున్న మనిషి ఒక్కరోజు ముందు ఫోన్ చేయలేనంత తీరిక లేనివాడైతే, అతను కొనడానికి రాలేదు.

కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే మాట్లాడేయాలి. వారంలో రెండు పూటలు, గంటలతో సహా. ఏ విజిట్ అయినా ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి, వచ్చేవాళ్ల పేరు, ఎంతమంది అన్నది కూడా. ఫొటోలు, ప్లాన్, ధర చూసి సరే అన్నవాళ్లనే తేవాలి. ఏజెంటు గది గదికీ వెంట ఉండాలి, బాల్కనీలో కాదు. మన అనుమతి లేకుండా వీడియో తీయకూడదు. మా పాప చదువుకునే బల్ల, దాని మీదున్న స్కూల్ ఐడీ కార్డుతో సహా ఎవరి ఫోన్లోనో ఉండిపోయింది, ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. మందులు, బ్యాంకు కాగితాలు, నగలు తాళం వేసి పెట్టుకోవడం మన పని. ఇక తాళం చెవి సంగతి. ఇంట్లో మనుషులు ఉంటున్నప్పుడు డూప్లికేట్ ఏజెంటు చేతికి ఇవ్వొద్దు. తప్పనిసరై ఇచ్చినా, మనం లేనప్పుడు తెరవకూడదని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

“ఇంత చిన్న విషయానికి రాతకోతలెందుకు” అంటారు. చిన్న విషయం కాదని పెద్ద మార్కెట్లే ఒప్పుకున్నాయి. అమెరికాలో రియల్టర్ల జాతీయ సంఘం కోర్టు కేసులో రాజీపడ్డాక, 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాళ్ల తరఫు ఏజెంటు ఇల్లు చూపించే ముందే వాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాల్సి వస్తోంది. ఆ నిబంధన కమీషన్ల పంచాయితీలోంచి పుట్టింది, నిజమే. అయినా గడప దాటడానికి ముందే కాగితం ఉండాలన్న సూత్రం నిలబడింది. అమ్మేవాళ్లం మనమెందుకు నోటిమాటతో సరిపెట్టుకోవాలి?

అద్దెకున్నవాళ్ల విషయంలో చట్టం ఇంకా ముందే మేలుకుంది. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1954వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్లకు ఇల్లు చూపించాలన్నా అద్దెదారుకు ముందే నోటీసు ఇవ్వాలి, మామూలుగా 24 గంటలు. మన దేశంలో 2021 నాటి నమూనా అద్దె చట్టం కూడా యజమాని ఇంట్లోకి రావడానికి 24 గంటల నోటీసు అడుగుతుంది. అద్దెదారు ఇంట్లోకి చెప్పకుండా రాకూడదని చట్టాలు రాసుకున్నాం. సొంతింట్లో ఉంటున్న మనిషి దగ్గరికి మాత్రం ఏజెంటు పది నిమిషాల నోటీసుతో వచ్చేస్తున్నాడు. అమ్మకానికి మనమే ఒప్పుకున్నాం కనుక, ఆ 24 గంటలు మనకు ఎవరూ ఇవ్వరు. మనమే రాసుకోవాలి.

నన్నడిగితే అసలు గొడవ ఏజెంటుతో కూడా కాదు. ఆ పది నిమిషాల్లో ఇల్లు సర్దేది ఎవరు? ఏజెంటు ఫోన్ మా ఆయనకు వచ్చినా, “పార్టీ వస్తోందట” అనే కబురు నాకే చేరేది. చీపురు, తడిగుడ్డ, మంచం దుప్పటి నా చేతుల్లోకే వచ్చేవి. వెళ్లాక మంచినీళ్ల గ్లాసులు కడిగేదీ, బాత్రూములో బురద అడుగులు తుడిచేదీ నేనే. ఏజెంటుకు కమీషన్ ఉంది, రిజిస్ట్రేషన్‌కు ఫీజు ఉంది, ప్రకటనకు బిల్లు ఉంది. పదకొండు వారాల ఈ చాకిరీకి ఏ కాగితంలోనూ గడి లేదు. ప్రపంచవ్యాప్తంగా జీతం లేని ఇంటిపని, సంరక్షణ గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లే మోస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. ఈ పని దేశాల ఆదాయ లెక్కల్లోకే రావడం లేదని న్యూజిలాండ్ మాజీ ఎంపీ మేరిలిన్ వేరింగ్ 1980ల నుంచీ మొత్తుకుంటున్నారు. దేశం లెక్కల్లో లేనిది ఇల్లమ్మే లెక్కల్లో ఎలా ఉంటుంది? ఊరికే దొరికేదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. విజిట్‌కు ఎవరి జేబులోంచీ రూపాయి పోదు, కనుక ఎన్నయినా పెడతారు. దానికి వెల ఉందని ముందు గుర్తుపట్టాల్సింది ఇంట్లోవాళ్లే. “రేపు సాయంత్రం రమ్మను” అనే మాట ఫోన్ ఎత్తిన మగవాడి నోటి నుంచి రావాలి. లోపల సర్దే మనిషిని అడగకుండా “వచ్చేయండి” అనే హక్కు అతనికి లేదు.

ఎనిమిదో వారంలో నేనే ఏజెంటుకు ఫోన్ చేశాను. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఏడు, శనివారం పొద్దున పది నుంచి పన్నెండు, మిగతా రోజుల్లో తలుపు తీయం అని చెప్పాను. “కష్టం మేడమ్, పార్టీలు ఆగరు” అన్నాడు. మరుసటి వారం ఇద్దరే వచ్చారు. ఇద్దరూ ప్లాన్ ప్రింటు చేతిలో పట్టుకునే వచ్చారు. పదకొండో వారం శనివారం వచ్చిన దంపతులు గంటసేపు కూర్చుని, నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారు, మెయింటెనెన్స్ ఎంత అని అడిగి, మేం తగ్గించుకుందామనుకున్న ధర కంటే ఎక్కువకే అడ్వాన్స్ ఇచ్చారు.

నేను ఏజెంటుకు ఆ ఫోన్ చేసిన మరుసటి మంగళవారం, అలవాటు కొద్దీ అత్తయ్యగారు పొద్దున్నే అడిగారు, “ఇవాళ ఎవరైనా వస్తారా అమ్మా?” అని. ఎవరూ రారని చెప్పాను. ఆ రోజు ఆమె మధ్యాహ్నం మూడింటి దాకా మంచం దిగలేదు.