సవరణ: ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ డోపింగ్‌లో దొరకలేదు

మొన్నటి పోస్టులో, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా స్ప్రింటర్ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ డోపింగ్ పరీక్షలో దొరికిపోయిందని రాశాను. అది తప్పు. అప్పటి పత్రికా కథనాలు, అథ్లెటిక్స్ అధికారిక రికార్డుల జాబితా మళ్లీ చూశాను. ఆమె ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. ఆ ఒలింపిక్స్‌లో స్టానోజొలాల్ అనే నిషేధిత స్టెరాయిడ్‌తో దొరికి 100 మీటర్ల స్వర్ణం పోగొట్టుకున్నది కెనడా రన్నర్ బెన్ జాన్సన్. ఇద్దరినీ కలిపేసింది నేనే.

ఆమె మీద అనుమానాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. 1987 దాకా 100 మీటర్లలో ఆమె బెస్ట్ టైమ్ 10.96 సెకన్లు. 1988 జూలై 16న ఇండియానాపొలిస్‌లో, ఓ క్వార్టర్ ఫైనల్‌లో 10.49, ప్రపంచ రికార్డు! మరుసటి ఫిబ్రవరిలోనే రిటైరైంది.

కానీ ఆ 10.49 గురించి అసలు గొడవ మందులది కాదు, గాలిది. ఆ క్వార్టర్ ఫైనల్‌లో ట్రాక్ పక్కన గాలి మీటర్ 0.0 చూపించింది. అదే సమయంలో దగ్గర్లోనే జరుగుతున్న ట్రిపుల్ జంప్ దగ్గర మీటర్ సెకనుకు 4.3 మీటర్లు చూపించింది. వెనక నుంచి తోసే గాలి రన్నర్‌కు సాయం చేస్తుంది కాబట్టి, రికార్డుకు ఒప్పుకునేది 2.0 వరకే. మీటర్ పనిచేయలేదని చాలామంది నిపుణులు వాదించినా, రికార్డు ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది.

1998లో, 38 ఏళ్లకే, నిద్రలో మూర్ఛ (ఫిట్స్) వచ్చి చనిపోయింది. జవాబు చెప్పుకోలేని మనిషి మీద రుజువు లేని మాట రాశాను, క్షమించండి. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జత చేయండి.