నటన నేర్పిన చూపు: నందితా దాస్ దర్శకత్వ ప్రస్థానం

నటులు దర్శకులైనప్పుడు కథను తమ చుట్టూ తిప్పుకోవడం మన సినిమాల్లో మామూలే. తాను తీసిన మూడు పూర్తి నిడివి చిత్రాల్లో ఒక్కదానిలోనూ నందితా దాస్ కథానాయిక స్థానాన్ని తీసుకోలేదు. చిత్రకారుడు జతిన్ దాస్ కుమార్తెగా ఆమె మూలాలు ఒడిశాలో ఉన్నాయి. తెలుగు చిత్రం ‘కమ్లి’లో లంబాడా తల్లిగా నటించి నంది పురస్కారం అందుకున్న ఆమె, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లకు రెండు వైపుల నుంచీ తెలిసిన మనిషి.

‘ఫైర్’ (1996)లో కుటుంబం, ‘ఎర్త్’ (1998)లో దేశ విభజన, ‘బవందర్’లో కులం. తమకంటే బలమైన వాటి కింద నలిగిన స్త్రీలనే ఆమె ఎక్కువగా పోషించారు. దర్శకురాలిగా ఆమె చూపు ఆ పాత్రల్లోనే తయారైందని నా నమ్మకం. 2008 నాటి తొలి చిత్రం ‘ఫిరాక్’ అందుకు బలమైన సాక్ష్యం. 2002 గుజరాత్ అల్లర్లు జరిగిన నెల తర్వాత, ఒక్క రోజు వ్యవధిలో సాగే ఈ కథ దాడులను కాక, అవి మనుషుల లోపల మిగిల్చినదాన్ని చూపుతుంది. ప్రాణభయంతో తలుపు తట్టిన స్త్రీకి తలుపు తీయలేకపోయిన గృహిణిగా దీప్తి నావల్ వంటింట్లో నిలబడి, కాగిన నూనెతో తన చేతిని తానే కాల్చుకుంటుంది. ఆ క్షణంలో అపరాధ భావాన్ని మాటల్లో వివరించకుండా అంత బరువునూ నటి చేతికే వదిలేయడం, నటన లోతు తెలిసిన రచయిత్రికే సాధ్యం.

రెండో చిత్రం ‘మంటో’కు పదేళ్లు పట్టింది. తాను నమ్మిన కథనే తీస్తానన్నవారికి పెట్టుబడి దొరకడం ఎంత కష్టమో ఆ విరామమే చెబుతుంది. ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో జీవితంలోకి ఆయన కథలనే చొప్పించిన స్క్రీన్‌ప్లే సాహసమైనదే గానీ, మనసు ఒక పాత్రతో కుదురుకునేలోపే మరో కథ మొదలవడం వల్ల ఉద్వేగం అక్కడక్కడా తెగిపోయింది.

భువనేశ్వర్‌లో తీసిన ‘జ్విగాటో’ (2022) మనకు అన్నిటికంటే దగ్గరిది. కరోనా కాలంలో ఫ్యాక్టరీ ఉద్యోగం పోగొట్టుకున్న మానస్, బతుకుతెరువుకు ఫుడ్ డెలివరీలో చేరి రేటింగుల కోసం, ఇన్సెంటివ్‌ల కోసం ఊరంతా తిరుగుతాడు. ఒడిశా అనగానే గుడులూ సముద్రమూ చూపే అలవాటును పక్కనపెట్టి, ఇక్కడి నగరాన్ని రోజుకూలీ కళ్లతో చూపినందుకు ఆమెకు రుణపడి ఉండాలి. ఫోన్‌లోని యాప్ ముందు తలవంచే ఈ మనిషే, భార్య ప్రతిమ మాల్‌లో శుభ్రం చేసే పనికి వెళ్తానంటే ఒప్పుకోలేకపోతాడు. అణిగిన మగవాడిలోని అధికారాన్ని కూడా దాచకపోవడమే ఈ రచనలోని నిజాయితీ. కొన్ని సన్నివేశాలు పాఠం చెబుతున్నట్టు సాగడం మాత్రం లోపమే.

మానస్ కుటుంబం జార్ఖండ్ నుంచి వచ్చింది కాబట్టి వాళ్లు హిందీ మాట్లాడటంలో తప్పులేదు. అయితే 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు నేటికీ ఇంట్లో ఒక భాష, బజారులో మరో భాష మాట్లాడుతూనే ఉన్నాయి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లేవారి ఇళ్లలో, వెనక ఉండిపోయిన ఆడవాళ్లే అన్నీ నడుపుతున్నారు. ఒడియా వేళ్లూ తెలుగు సినిమాతో అనుబంధమూ ఉన్న ఈ దర్శకురాలు తన తర్వాతి కథను ఆ ఇళ్లలో, ఆ ఇళ్ల భాషల్లోనే రాస్తే చూడాలని నా కోరిక.