తొందర కాదు, దృష్టిలోపం
విప్లవకారుడు చే గువేరా జీవితంపై 1969లో వచ్చిన ‘చే!’ చిత్రం పరాజయానికి, ఆయన మరణించిన రెండేళ్లలోపే దానిని తీయడమే కారణమని ఆ చిత్రం గురించిన వ్యాసంలో వ్యాసకర్త రాశారు గాని, ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. తొందర కన్నా దృష్టిలోపమే ఆ చిత్రాన్ని ఎక్కువగా దెబ్బతీసింది. చే పాత్రలో ఒమర్ షరీఫ్ వంటి సమర్థుడైన నటుడు ఉన్నప్పటికీ, క్యూబా విప్లవం మొత్తాన్ని చే, ఫిడెల్ కాస్ట్రో అనే ఇద్దరి మధ్య పొరపొచ్చాలుగా కుదించి, జాక్ పాలెన్స్ పోషించిన కాస్ట్రోను పక్కవాడి ఆలోచన లేనిదే అడుగు వేయలేని మనిషిగా చూపించారు. క్యూబాలోని సియెర్రా మాయెస్ట్రా కొండల్లో గెరిల్లాలకు ఆశ్రయమిచ్చి దారి చూపిన రైతులు తెరపై నీడల్లాగే మిగిలిపోయారు. వైద్యం చదివిన అర్జెంటీనా యువకుడు, ఉబ్బసంతో బాధపడుతూ కూడా, పరాయి దేశపు కొండలెక్కడానికి కారణమేమిటో ఎక్కడా మనసుకు ఎక్కదు. హనుమకొండలో కొన్నేళ్ల క్రితం మిత్రులతో కలిసి ఈ చిత్రం చూసినప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. మా జనగామ వైపు ఊళ్లలో పెద్దలు, తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గురించి చెప్పేటప్పుడు, దానిని ఆయన ఒక్కరి కథగా చెప్పడం నేనెన్నడూ వినలేదు. విసునూరు దొర గడీ, వెట్టిచాకిరీ, సంఘం (ఆంధ్ర మహాసభ), ఆ రోజు ఆయనతో కలిసి ఊరేగింపులో నడిచినవాళ్లు, ఇవన్నీ చెప్పిన తరువాతే తుపాకీ పేలిన మాట వస్తుంది.