స్ప్రింగ్ దొరుకుతది, సౌండ్ బాక్సే కష్టం
పాత గ్రామఫోన్లకు పార్ట్స్ ఎక్కడా దొరకవు, షోకేస్‌ల పెట్టుకునుడే అని ఆర్టికల్ల రాసిండ్రు గానీ నేను ఒప్పుకోను. నల్లగొండల మా ఇంట్ల తాతది హెచ్‌ఎంవి 102 ఉంది, 1931ల వచ్చిన మోడల్, ఇప్పటికీ మంచిగ పాడుతది. కీ ఇస్తే రికార్డును తిప్పే మెయిన్ స్ప్రింగ్ కొత్తగ చేసేటోళ్లు ఇంకా ఉన్నరు, కాకపోతే పాతదాని వెడల్పు, మందం, పొడవు, కొసకు రంధ్రం ఎట్లుందో అన్నీ కొలిచి చెప్పాలె, ఒక్కటి తేడా వచ్చినా డబ్బాల కూసోదు. నిజంగ దొరకనిది ముల్లును పట్టుకొని సౌండ్ పుట్టించే సౌండ్ బాక్సే, జింకు కలిపిన పోత లోహంతోటి చేసినవి ఏండ్లు గడిస్తే ఉబ్బి పగుళ్లు పడ్తయి, అతికిస్తే నిలవదు. దానికైతే హైదరాబాద్‌ల పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్ల పాడైన మిషన్ ఏదన్న దొరికితే కొని విప్పుకునుడే దారి. ఇత్తడి గొట్టంతోటి తళతళ మెరిసే కొత్త నకిలీవి మాత్రం కొనకుండ్రి, వాటి పార్ట్స్ పాతవాటికి సెట్ కావు. ఇంకోటి, స్టీలు ముల్లు రికార్డు ఒక్క సైడ్‌కే, మళ్లీ అదే వాడితే రికార్డు గీరుకపోతది, ఈ ముచ్చట ఆర్టికల్ల రాయాల్సుండె.