పీపీ గారు అసలు ఎవరి లాయరు?

మర్డర్ కేసు ట్రయల్‌కి వస్తే చనిపోయినాయన భార్య కోర్టుకొచ్చి మా లాయరు గారు ఎక్కడ అని అడుగుతుంది, అక్కడున్నవాళ్లు పీపీ గారిని, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని చూపిస్తారు. స్టేషన్ వాళ్లూ ఆయన్ని మన పీపీ అనే అంటారు. కానీ ఆయన ఈ ఇద్దరి లాయరూ కాదు. సర్కారు తరఫున నిలబడతాడు, అలాగని ఎలాగోలా శిక్ష వేయించడం ఆయన డ్యూటీ కాదు, ముద్దాయికి పనికొచ్చే కాగితం ఫైల్లో ఉంటే దాన్నీ దాచకూడదు.

వినడానికి బానే ఉంది, మరి ఆ సీటు ఎలా వస్తుందో చూడండి. ఏడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి, కలెక్టర్ సెషన్స్ జడ్జితో సంప్రదించి ప్యానెల్ తయారుచేస్తే అందులోంచి సర్కారు వేస్తుంది. ఇది రూలు. బార్ రూముల్లో మాత్రం పేరు కంటే ముందు ఎవరి మనిషి అనేదే నడుస్తుంది, గవర్నమెంట్ మారిందంటే పీపీలు కూడా పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. మెజిస్ట్రేట్ కోర్టులో ఏపీపీలు (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు) పరీక్ష రాసి వస్తారు, పర్మనెంట్ ఉద్యోగం, కొందరు ప్రమోషన్ మీద పైకీ వెళ్తారు. అంటే చిన్న కేసులు చూసేవాళ్లకి ఉన్న భద్రత యావజ్జీవం పడే కేసులు వాదించే టర్మ్ పీపీకి, అంటే కొంత కాలానికే వేసిన పీపీకి లేదన్నమాట, నాకైతే ఇది తలకిందులు వ్యవహారంలా అనిపిస్తుంది.

దీని ఎఫెక్ట్ కేసు విత్‌డ్రా దగ్గర, అంటే నడుస్తున్న కేసుని సర్కారు వైపు నుంచే ఎత్తేసే దగ్గర బయటపడుతుంది. విత్‌డ్రా పిటిషన్ వేయాలా వద్దా అని సొంతంగా ఆలోచించాల్సింది పీపీ, జరిగేది ఏంటంటే పైనుంచి జీవో వస్తుంది, కింద ఈయన సంతకం. కేరళ అసెంబ్లీలో 2015లో జరిగిన విధ్వంసం కేసు ఇలాగే ఎత్తేద్దామని చూస్తే 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో, ఎంపీలు ఎమ్మెల్యేల మీద కేసులైతే హైకోర్టు పర్మిషన్ లేకుండా విత్‌డ్రా కుదరదని కూడా చెప్పింది.

ఇక సాక్షుల సంగతి. పోలీసులకి చెప్పిన స్టేట్‌మెంట్ ఏళ్ల కిందటిది, ఊళ్లో ఈలోపు రాజీలు అయిపోయి ఉంటాయి, పీపీ చాలాసార్లు ఆ సాక్షి మొహం చూసేది వాయిదా రోజు పొద్దున కోర్టు వరండాలోనే. బోనెక్కాక నాకేం తెలీదండీ అంటాడు, అప్పుడు హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి అని డిక్లేర్ చేయించి పీపీయే తన సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసుకోవాలి. కేసు కొట్టేస్తే జనం జడ్జిని తిడతారు, వరండాలో జరిగిన ఆ పది నిమిషాలు ఎవరికీ గుర్తుండవు.

2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 360 సెక్షన్ కింద, బాధితుల మాట వినకుండా కేసు విత్‌డ్రాకి కోర్టు ఒప్పుకోకూడదు. మంచి మార్పే. కాకపోతే ఫలానా రోజు వాయిదా ఉంది రామ్మా అని ఆ భార్యకి కబురు చేయాల్సింది మళ్లీ ఆ స్టేషన్ కోర్టు కానిస్టేబులే.