పాయింట్ దగ్గరే పడిపోతుంటే

తిన్నగా ఉన్న పట్టాల మీద చక్కగా తిరిగే మోడల్ రైలు, పాయింట్ (ఒక దారి రెండుగా చీలే చోటు) దగ్గరికి రాగానే పట్టాలు తప్పుతుంటే ఒళ్లు మండిపోతుంది. చూసినవాళ్లంతా ఒకటే సలహా: "స్పీడు తగ్గించన్నా." ఎంత మెల్లగా నడిపినా అదే బోగీ అక్కడే పడుతుంటే, తప్పు స్పీడుది ఎలా అవుతుంది?

చక్రాలు సరిచూడకుండా అమ్మేవాళ్ల మీదే నా కోపమంతా. హెచ్‌ఓ స్కేల్లో (మోడల్ రైళ్ల సైజుల్లో ఒకటి) పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య సుమారు 14.4 ఉండాలి. అది ఎక్కువైతే చక్రం అంచు ఫ్రాగ్ (పాయింట్లో రెండు పట్టాలు దాటుకునే చోటు) మొనను గుద్దుతుంది, బాగా తక్కువైతే చెక్ రైలు (చక్రాన్ని దారి తప్పకుండా పట్టి ఉంచే లోపలి పట్టా) మీదికి ఎక్కేస్తుంది. ఒక్క కొలత గేజి పెట్టి చూస్తే తెలిసిపోయే విషయం ఇది!

ఇక మా అనంతపురం దుమ్ము సంగతి. ఎండాకాలం కిటికీ తీస్తే చాలు, ఇసుక రేణువు ఒకటి వచ్చి బ్లేడుకీ (పాయింట్లో అటూ ఇటూ కదిలే పట్టా ముక్క) పక్క పట్టాకీ మధ్య కూర్చుంటుంది. కంటికి కనిపించదు. పట్టా వెంట గోరు జరిపితే బ్లేడు కొన దగ్గర తట్టుకుంటుంది. ఆ సందులోకే చక్రం దూరుతుంది.

గుంతకల్లు జంక్షన్ ఉన్న జిల్లా ఇది. బ్లేడు సరిగా అతుక్కోకపోతే అక్కడ అసలు రైళ్లకు సిగ్నలే పడదు. నేను అడిగితే మాత్రం షాపువాళ్ల జవాబు, "బొమ్మే కదా సార్!" బొమ్మయితే? అంత డబ్బు తీసుకున్నాక చక్రాలు కొలిచి ఇవ్వాలా, వద్దా?