మొదటి బాడుగ ఇల్లు మన మిద్దె మీదే ఉంది

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎమ్మార్‌పల్లి వీధుల్లో ఏ మిద్దె ఎక్కి చూసినా, చుట్టుపక్కల ఇళ్ల పిల్లర్లలోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనుప కమ్ములు కనిపిస్తాయి. ఎప్పుడో ఒకనాడు పై అంతస్తు వేద్దామని ఇల్లు కట్టిన రోజున వదిలిపెట్టినవి. ఏళ్ల తరబడి వానలకు నాని, ముట్టుకుంటే తుప్పు పొరలు పొరలుగా చేతికి వస్తుంది. ఆ ఇంటి యజమానే, చేతిలో పది లక్షలు చేరగానే, ఊరికి దూరంగా ఎక్కడో వేసిన లేఅవుట్‌లో అంకణాల లెక్కన స్థలం కొంటున్నాడు. బాడుగల మీద నిలకడైన ఆదాయం కావాలనుకునే మధ్యతరగతి కుటుంబం మొదట చేయవలసిన పని ఆ కమ్ముల మీద అంతస్తు లేపడమేనని, కొత్త ఫ్లాటూ ఖాళీ స్థలమూ ఆ తర్వాతి మాటలేనని నా నిశ్చితాభిప్రాయం.

ఈ ఊళ్లో బాడుగకు వచ్చేవాళ్లకు కొదవ లేదు. 1954లో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, రుయా ఆసుపత్రులు, దేవస్థానం కొలువులు, 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక జిల్లా అయ్యాక వచ్చిన కార్యాలయాలు అందరికీ తెలిసినవే. తేల్చుకోవలసిందల్లా వాళ్లకిచ్చే ఇల్లు మనకు ఎంతలో పడుతుందన్నదే.

ముందు ఫ్లాటు లెక్క చూద్దాం. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేల బాడుగ వస్తుందనుకుంటే ఏడాదికి 1.80 లక్షలు, అంటే పెట్టిన సొమ్ము మీద మూడు శాతం. ఈ స్థాయి గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన కాబట్టి, 12 లక్షలు చేతి నుంచి పెట్టి 48 లక్షలు అప్పు తేవాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకున్నా, ఇరవై ఏళ్ల అప్పుకు నెల వాయిదా సుమారు 41,650 రూపాయలు. వచ్చేది 15 వేలు కాగా, తక్కిన 26 వేలకు పైగా ప్రతి నెలా జీతంలోంచే పోవాలి. పన్నులో కలిసివస్తుందన్న భరోసా కూడా లెక్కకు నిలవదు. మొదటి ఏడాది వడ్డీయే సుమారు నాలుగు లక్షలు. బాడుగలో 30 శాతం మినహాయింపు పోగా మిగిలే ఆదాయం 1.26 లక్షలే. వడ్డీ అంతకు మించడం వల్ల తేలే నష్టాన్ని పాత పన్ను విధానంలో జీతం మీద ఏడాదికి రెండు లక్షల వరకే సర్దుకోనిస్తారు, కొత్త విధానంలో ఆ వీలే లేదు. ఎనిమిదిన్నరకు తెచ్చి మూడుకు పెట్టే ఈ బేరంతో మొదలుపెట్టిన జీతగాడు రెండో ఇంటి దాకా చేరడం చాలా కష్టం.

అదే సొంత మిద్దె మీద వెయ్యి చదరపు అడుగుల్లో రెండు పోర్షన్లు వేస్తే, అడుగుకు రెండు వేల చొప్పున 20 లక్షలవుతుందనుకుందాం. పోర్షనుకు ఎనిమిది వేలు వచ్చినా ఏడాదికి 1.92 లక్షలు, తొమ్మిదిన్నర శాతం పైమాటే. స్థలానికి మళ్లీ పైసా పెట్టనక్కర లేకపోవడమే ఇంత తేడాకు మూలం. సగం సొమ్ము సొంతంగా సమకూర్చుకుని, పది లక్షలు పదిహేనేళ్లకు అప్పు తెచ్చినా వాయిదా 9,850 రూపాయలకు మించదు. నెలనెలా వచ్చే 16 వేలలోంచే అది తీరిపోయి, ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. అయితే పునాది, పిల్లర్లు ఇంకో అంతస్తు బరువు మోస్తాయో లేదో, ఆ తుప్పు కమ్ములు పనికొస్తాయో లేదో ఇంజినీరుచేత చూపించుకోవాలి. ప్లాను అనుమతి లేని అంతస్తుకు బ్యాంకుల్లో అప్పు పుట్టదు. మెట్లు బయటి నుంచి పెట్టి, ప్రతి పోర్షనుకూ కరెంటు మీటరు వేరుగా ఉంచితే, రేపు కింద కాపురముండే మనకూ పైన ఉండేవాళ్లకూ మాటామాటా పెరగదు.

స్థలం కొన్నవాళ్లే బాగుపడ్డారని వాదించేవారున్నారు. కరకంబాడి రోడ్డు వైపు ఒకప్పుడు చవకగా కొని లాభపడ్డవారి కథలు అబద్ధమనను. కానీ ఆ లాభం అమ్మిన రోజున తప్ప చేతికి రాదు, ఈలోగా నెలకు రూపాయి పుట్టదు. పైగా మఠం భూములు, దేవాదాయ భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టాలు కలగలిసిన ఈ ప్రాంతంలో, ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా చూసుకోకుండా కొన్న స్థలం కంటికి నిద్ర లేకుండా చేస్తుంది.

విస్తరణ, పై అంతస్తు బాడుగలో నెలనెలా మిగిలే ఆ ఆరు వేలతోనే మొదలవుతుంది. బాడుగ సొమ్ముకు బ్యాంకు ఖాతా వేరుగా తెరిచి, ఆరు నెలల వాయిదాలకు సరిపడా నిల్వ ఎప్పుడూ ఉంచుకోవాలి. ఏడాదికి 73 వేల చొప్పున ఆరేళ్లకు పోగయ్యే నాలుగు లక్షల పైచిలుకులో సున్నాలకూ రిపేర్లకూ కొంత పోయినా, జీతంలోని పొదుపు తోడైతే ఊరి నడుమ ఓ పాత ఇంటికి చేతి నుంచి పెట్టవలసిన సొమ్ము సమకూరుతుంది. అలాంటి ఇంట్లో గోడలు పాతవైనా కింది స్థలం మొత్తం మనదే.

ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసేది ఖాళీగా ఉన్న ఇల్లు. మా వీధిలో నా కళ్లముందే జరిగింది. విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన ఒక అమ్మాయి, వాళ్లమ్మ, చేతిలో సంచులతో టూలెట్ బోర్డు చూసి ఆగారు. ఇల్లు నచ్చింది, బాడుగ కుదిరింది. తాళం చేతికిచ్చే ముందు ఇంటావిడ, "మీరేమోళ్లమ్మా?" అని అడిగింది. తల్లి జవాబు విన్నాక, "మావాళ్లను అడిగి చెప్తాను" అని తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ తల్లి కాసేపు మెట్ల మీదే నిలబడి, కూతురి భుజం మీది సంచి తాను తీసుకుని దిగిపోయింది. ఆ బోర్డు మరో మూడు నెలలు ఎండకు అక్షరాలు వెలిసిపోయేదాకా అక్కడే వేలాడింది. నెలకు ఎనిమిది వేల చొప్పున ఇరవై నాలుగు వేలు, ఆ పోర్షను ఏడాది బాడుగలో నాలుగో వంతు. ఆ అమ్మాయికి జరిగిన అవమానానికి లెక్క కట్టలేము.

కులం అడిగి, కూరేం వండుతారో అడిగి, పెళ్లికాని పిల్లలకు ఇవ్వమని చెప్పే యజమానులు ఈ విద్యానగరంలో వీధికి కొందరున్నారు. పెట్టుబడి అంటూ మొదలుపెట్టిన తర్వాత యజమాని అడగదగినవి వేరే ఉన్నాయి: గుర్తింపు కార్డు, చదువు లేదా ఉద్యోగం వివరం, నెలలో ఏ తేదీకి బాడుగ ఇస్తారన్న మాట. అందరూ రాసుకునే పదకొండు నెలల ఒప్పందంలోనే ఇవన్నీ పెట్టుకోవచ్చు. అడ్వాన్సు విషయంలోనూ కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల బాడుగను మించరాదని చెప్పింది; అంతే తీసుకుని, ఇల్లు వదిలిన రోజునే లెక్క చూసి తిరిగి ఇచ్చే యజమానికి, వెళ్లేవాళ్లే తర్వాతి బాడుగవాళ్లను వెతికి తెచ్చిపెట్టడం మా వీధిలో ఒకటికి రెండుసార్లు చూశాను.